తెల్ల బూట్లు వద్దు, పట్టున్న బూట్లు కావాలి



ఇది కాస్త పొడుగు రాత. టీ తాగుతూ చదవండి. సగంలో ఆపేసి బొటనవేలి బొమ్మ పెట్టి వెళ్ళిపోకండి.

కుర్రకారు పరుగుల కోసం 30 జతల బూట్లు కొందామని మొన్న కమిటీలో మాట వచ్చింది. మాట మంచిదే. ఆ బూట్ల నమూనా చూశాకే మేము ఊరుకోలేకపోతున్నాం. అన్నీ ఒకే రకం, తెల్లవి, కింద సోలు నున్నగా, పక్కన సంఘం పేరు అచ్చు. ఒక్కసారే కొంటే తగ్గింపు ఇస్తారట. ఫోటోలో బాగానే ఉంటాయి. పొద్దున్నే గోపాలపురం రోడ్డు మీద పరిగెత్తడానికీ పనికొస్తాయి. కానీ మన పిల్లలు వెళ్ళేది తారు రోడ్డు మీదకి కాదు. వానాకాలంలో కెరాండిమాల కొండల్లోకి, దారింగిబాడి వైపు ఎర్రమట్టి దారుల్లోకి, మహేంద్రగిరి రాళ్ళ మీదకి. ఇద్దరైతే సెప్టెంబరులో లడఖ్ వెళ్ళి ఖర్దుంగ్ లా కనుమ మీదుగా 72 కిలోమీటర్లు పరిగెత్తే పందెం కోసం తయారవుతున్నారు. ఆ కనుమ 17 వేల అడుగుల పైన ఉంది. అక్కడ రాత్రి పడిన మంచు పొద్దుటికి గట్టిపడి గాజులా ఉంటుంది. అక్కడికి ఈ నున్నటి బూట్లా?

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు మనవాళ్ళు. ఆ సామెత చదునైన నేల మీద పుట్టినట్టుంది. కొండవాలులో కాలు జారితే తీసుకునేదేమీ ఉండదు. పోయిన వానల్లో మన కుర్రాడొకడు పాచి పట్టిన బండ మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాలు కట్టుతో తిరిగాడు, రాయాల్సిన పరీక్ష పోయింది. వాడి కాళ్ళకున్నవి ఇలాంటి బూట్లే. మేము చదువుకున్నది అరవంలో. అక్కడొక మాట ఉంది, 'యానైక్కుం అడి సరుక్కుం' అని. ఏనుగుకైనా అడుగు జారుతుందని అర్థం. మన పిల్లలు ఏనుగులు కూడా కారు.

రైల్వేలో పనిచేసిన వాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇంజిన్ ఎన్ని వేల గుర్రాల బలమున్నదైనా, తడిసిన పట్టా మీద చక్రం పట్టకపోతే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకే చక్రాల ముందు ఇసుక పెట్టె పెట్టారు. డ్రైవరు మీట నొక్కితే ఇసుక పట్టా మీద పడుతుంది, చక్రం పట్టుకుంటుంది, బండి కదులుతుంది. బలం ఒకటి, పట్టు ఒకటి. మనం పిల్లలకి బలం కోసం గుడ్లూ పాలూ ఇస్తున్నాం, పట్టు దగ్గరకొచ్చేసరికి తగ్గింపు లెక్కలు చూస్తున్నాం.

కమిటీలో వచ్చిన వాదనలకు ఒక్కొక్కటిగా జవాబు చెబుతాం.

'పూర్వీకులు ఒట్టికాళ్ళతో మహేంద్రగిరి ఎక్కలేదా?' అన్నారు. ఎక్కారు. చోళుల కాలపు తమిళ శాసనం ఆ కొండ మీదే ఉంది, వాళ్ళ సేన కూడా కాలినడకనే ఎక్కి ఉంటుంది. కానీ యాత్రికులు ఎక్కేది శివరాత్రికి, అంటే నేల ఎండి ఉన్న రోజుల్లో. పుట్టినప్పటినుంచీ చెప్పులెరగని పాదాలతో, చేతికర్రతో, నెమ్మదిగా. శ్రావణమాసం వానలో పరుగు పెట్టలేదు.

'పళ్ళు ఎంత పెద్దవైతే పట్టు అంత ఎక్కువ, అలాంటివే అందరికీ కొందాం' అన్నారు ఇంకొకరు. సగం నిజం. బురదలో 5, 6 మిల్లీమీటర్ల పళ్ళు దూరదూరంగా ఉండాలి. అప్పుడే దిగబడతాయి, అంటుకున్న మట్టి రాలిపోతుంది. అదే బూటు తడి బండ మీద ఎక్కితే ఆ పళ్ళ కొసలే రాతిని తాకుతాయి, జారుతుంది. బండ మీద కావలసింది 3, 4 మిల్లీమీటర్ల పొట్టి పళ్ళు, మెత్తటి రబ్బరు. మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుంది, నిజమే. గట్టి రబ్బరు ఎక్కువకాలం మన్నుతుంది, మన్నినంతకాలం జారుతూనే ఉంటుంది.

'వాన కదా, నీళ్ళు చొరబడని బూట్లు కొందాం' అన్నారు. వాగు దాటేటప్పుడు నీళ్ళు పైనుంచి, చీలమండ దగ్గర నుంచి వస్తాయి. చొరబడనివ్వని గుడ్డ బయటికి పోనివ్వదు కూడా. ఇక ఆ బూటు చిన్న బిందె. గంటల తరబడి నానిన కాలికి బొబ్బలు, ఊడిన చర్మం. మన వానలకి నీళ్ళు బయటికి కారిపోయే జాలీ బూట్లే మేలు, నూలు మేజోళ్ళు కాకుండా త్వరగా ఆరేవి వేసుకోవాలి. నీళ్ళు చొరబడనివి పొడి మంచులో పనికొస్తాయి.

మంచుగడ్డ సంగతి వేరు. దాని మీద ఏ కంపెనీ రబ్బరూ నిలవదు, చలికి రబ్బరు ఇంకా గట్టిపడుతుంది. ఇనుమే కావాలి. బూటు మీద తొడిగే ముళ్ళ గొలుసులు, మైక్రోస్పైక్స్ అంటారు, లడఖ్ వెళ్ళే ఇద్దరికీ తప్పనిసరి. మంచు ఉన్నచోట తొడగాలి, రాయి రాగానే తీసేయాలి.

ఇదంతా షోకు కాదు. 1935లో ఇటలీలో పుంటా రసికా శిఖరం దగ్గర ఆరుగురు చనిపోయారు. అక్కడి వాతావరణానికి సరిపోని బూట్లు కూడా కారణమేనని వాళ్ళ మిత్రుడు విటాలే బ్రమానీ గట్టిగా నమ్మాడు. రబ్బరు పళ్ళున్న సోలు తయారుచేసి 1937లో బయటికి తెచ్చాడు. ఈరోజు వైబ్రమ్ అని సోలు కింద కనిపించే పేరు ఆయనదే.

బూట్లే సర్వం అనీ మేము అనడం లేదు. 2021 మే 22న చైనాలోని గాన్సు ప్రాంతంలో 100 కిలోమీటర్ల కొండపరుగులో హఠాత్తుగా చలిగాలి, వడగళ్ళు వచ్చి 21 మంది పోయారు. గాలి ఆపే కోటు తప్పనిసరి అన్న నియమం అక్కడ లేదు. పెద్దవాళ్ళు నియమం పెట్టకపోతే ఖరీదు కట్టేది పిల్లలే.

డబ్బు లేదంటారా? సన్మానాల శాలువాలకు ఉంది, ప్రతి పండక్కీ మన ముఖాలున్న ఫ్లెక్సీలకు ఉంది. ఒక్క ఏడాది ఫ్లెక్సీలు ఆపండి. బరంపురంలో మన ముఖాలు తెలియని వాళ్ళెవరూ లేరు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము పెట్టే తీర్మానం ఇది.

1. ఒకే రకం 30 జతలు కొనే ఆలోచన మానుకోవాలి. ఎవరు ఏ దారిలో పరిగెత్తుతారో రాసుకుని దానికి తగినవే కొనాలి.

2. కొలత సాయంత్రం తీసుకోవాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగులో వేసుకునే మేజోళ్ళతోనే తొడిగి చూడాలి. వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పు జాగా ఉండాలి, మడమ మాత్రం కదలకూడదు.

3. కొనేముందు ఒక నమూనా జతతో తడి బండ మీద నడిచి చూడాలి. తారాతారిణి మెట్లు వానలో చాలు పరీక్షకి.

4. కొత్త బూట్లతో ఎవరూ నేరుగా పందానికి పోకూడదు. నాలుగైదు వారాలు అవే వేసుకుని సాధన చేయాలి. పళ్ళు అరిగితే ఆ జత రోడ్డుకే.

5. కొండకి వెళ్ళే ప్రతివాళ్ళ దగ్గరా గాలీ వానా ఆపే కోటు, ఈల ఉండాలి.

అధ్యక్షుల వారికీ కార్యదర్శి గారికీ మా మీద కోపం వస్తే రానివ్వండి, రేపు ఇంటికొచ్చి తిడితే కాఫీ ఇస్తాం. బూట్ల మీద సంఘం పేరు లేకపోయినా సంఘానికేమీ లోటు రాదు. వెళ్ళిన 30 మందీ తమ కాళ్ళ మీద తాము నడిచి ఇంటికి రావాలి. ఓటు వేసేటప్పుడు ఆ ఒక్కటీ చూసి చేయెత్తండి.