నలుపులో దాగిన ఆకుపచ్చ
అమెరికాలో 1968 వరకు నడిచిన పెన్సిల్వేనియా రైల్‌రోడ్ సంస్థ ఇంజన్ల ముదురాకుపచ్చ దాదాపు నలుపే; ఎండ నేరుగా పడితే తప్ప పచ్చదనం బయటపడదు. ఆ రంగునే 1:87 కొలత రైలు నమూనాకు ఉన్నదున్నట్టు పూస్తే, గదిలో దీపం కింద రివెట్లు కూడా కనబడవు. అందుకే నమూనాల తయారీదారులు కాస్త తెలుపు కలిపి తేలిక చేస్తారు. ఆ పని సబబే. చిక్కల్లా ఎవరి పాళ్లు వారివే, అవీ విడతకో తీరు కావడం. అదే సంస్థ వాడిన టస్కన్ ఎరుపు (గోధుమ ఛాయ ఎరుపు) ప్రయాణికుల పెట్టెల నమూనాల్లో ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది: వేర్వేరు విడతల్లో తయారైనవి ఒకే రైలుకు తగిలిస్తే ఒకటి ఇటుక రంగు, ఇంకొకటి వంకాయ రంగు కావచ్చు. అసలు పెట్టెలూ ఎండకూ మసికీ వెలిసేవి కదా అనేవారున్నారు. వెలిసిన రంగు వేరు, పొరపాటు రంగు వేరు. పాత కలర్ ఫొటోలూ నమ్మదగ్గ సాక్ష్యం కావు. వాటి రంగులే మారిపోయి ఉంటాయి. కొత్త విడతను పాత విడతతో సరిపోల్చాకే అమ్మడం తయారీదారుల కనీస బాధ్యత.