సాల్ట్ పూల్‌లో క్లోరిన్ ఉండదట!

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు పెరట్లో పూల్ ఉన్న ఇల్లు కొనగానే చెప్పే మొదటి మాట: "మాది సాల్ట్ సిస్టమండీ, క్లోరిన్ ఉండదు." ఉప్పంటే సోడియం క్లోరైడని బళ్ళో చదువుకున్న ఇంజనీర్లు అనాల్సిన మాటేనా ఇది? ఆ పెట్టె చేసే పనల్లా ఉప్పునీళ్ళలోకి కరెంటు పంపి క్లోరిన్ తయారుచేయడమే. అంటే పెరట్లో ఓ బుల్లి క్లోరిన్ ఫ్యాక్టరీ అన్నమాట!

సుఖం ఉంది, కాదనను. రోజూ డబ్బా మోసుకెళ్ళి పొయ్యక్కర్లేదు. లీటరుకి 3 గ్రాముల పైచిలుకే ఉప్పు (సముద్రంలో 35), కాబట్టి నోరు ఉప్పగా కాదు. కానీ పీహెచ్ పైకి పాకుతూనే ఉంటుంది, యాసిడ్ పోస్తూనే ఉండాలి. నీళ్ళలో సున్నం ఎక్కువైతే సెల్ రేకులకి పట్టేస్తుంది. కొన్నేళ్ళకి సెల్లే మార్చాలి, వందల డాలర్లు. ఈ లెక్క అమ్మేవాడు చెప్పడు, మనం అడగం. ఫోన్ కొనడానికైతే నలభై రివ్యూలు చదువుతాం మరి!

ఇహ ఓజోనో, యూవీనో పెట్టించి క్లోరిన్ మానేశామనే వాళ్ళు. యూవీ పైపులోంచి పోయే నీటినే శుద్ధిచేస్తుంది, ఓజోన్ నీళ్ళలో ఎంతోసేపు నిలవదు. మరి పూల్‌లో పిల్లాడి పక్కనున్న నీళ్ళ సంగతి? కనీసం 1 పీపీఎం, స్టెబిలైజర్ వాడితే 2 పీపీఎం క్లోరిన్ ఉండాలని అమెరికా సీడీసీ చెబుతోంది.

కళ్ళు మండాయని క్లోరిన్ తగ్గించే మహానుభావులూ ఉన్నారు. ఆ ఘాటు చాలావరకు చెమటతో, మూత్రంతో క్లోరిన్ కలిసి పుట్టే క్లోరమైన్లది. చాలాసార్లు క్లోరిన్ చాలకే వస్తుంది.

ఏ సిస్టమైనా కొనండి బాబూ, దాంతోపాటు చుక్కల టెస్ట్ కిట్ ఒకటి కొనండి. శనివారం పార్టీకి పాతికమంది పిల్లల్ని నీళ్ళలోకి దింపేముందు ఓసారి కొలవండి.