పాత ట్రాక్టర్ బేరం: ఇంజన్ కంటే ముందు ఆర్‌సీ చూడండి

కోతలు ముగిసి, ధాన్యం డబ్బులు కొందరికైనా చేతికందే రోజులివి. ఊళ్ళలో పాత ట్రాక్టర్ల బేరాలు ఇప్పుడే జోరందుకుంటాయి. కొత్త బండి కొనే స్తోమత లేని రైతు పాతదాని వైపు చూడటంలో తప్పేమీ లేదు. ఎద్దులను మేపడం భారమైంది, కిరాయి ట్రాక్టర్ కోసం ఎదురుచూస్తే అదును దాటిపోతోంది. అయితే మన సభ్యులు బేరానికి వెళ్ళి టైర్లు చూస్తున్నారు, ఇంజన్ శబ్దం వింటున్నారు, రంగు చూసి మురిసిపోతున్నారు. ఆర్‌సీ సంగతి మాత్రం బయానా ఇచ్చాక అడుగుతున్నారు. మా బాధంతా ఇక్కడే.

అమ్మకానికి వచ్చే బండ్లలో చాలావాటికి ఇంకా ఫైనాన్స్ ఉంటుంది. "మిగతా కిస్తీలు నువ్వు కట్టుకో, బండి నీదే" అని నోటిమాట మీద, మహా అయితే వంద రూపాయల స్టాంపు కాగితం మీద అప్పగిస్తారు. ఆ కాగితంతో ఆర్‌సీ మారదు. అప్పిచ్చిన కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప మోటారు వాహనాల చట్టం ప్రకారం పేరు మార్పిడి జరగదు. పాత యజమాని ఎక్కడో కిస్తీ ఎగ్గొట్టి ఉంటే, దుక్కుల మధ్యలో వచ్చి బండి తోలుకుపోతారు. కొన్నవాడి డబ్బు పోతుంది, అదునూ పోతుంది. అందుకే బ్యాంకు లేదా కంపెనీ ఇచ్చిన బాకీ లేదనే కాగితం, వాళ్ళు సంతకం చేసిన ఫారం 35 కళ్ళతో చూడకుండా పూర్తి సొమ్ము ఇవ్వొద్దు. నంబరు చెప్పి ఆర్టీఏ ఆఫీసులో విచారించుకోవడానికి ఒక పూట పని పోతుంది, అంతే. ట్రాలీకి వేరే నంబరు, వేరే ఆర్‌సీ ఉంటాయన్నది చాలామంది మరిచిపోతున్నారు.

అమ్మే రైతుకు ముప్పు ఇంకా పెద్దది. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు బ్రోకర్ చేతిలో పెట్టి, ఇక బండితో మనకేం పని అనుకుంటాం. అమ్మిన తర్వాత చేతులు మారిన ఒక కారు ప్రమాదం చేసిన కేసులో, ఆర్‌సీలో పేరున్న మొదటి యజమానే నష్టపరిహారం కట్టాలని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ట్రాక్టరుకూ అదే చట్టం. ఇన్సూరెన్స్ లేని బండి ఎవరినైనా గుద్దితే, ఎప్పుడో అమ్ముకున్న రైతు పొలం జప్తుదాకా వెళ్ళొచ్చు. ఫారం 29, 30 ఇద్దరూ కలిసి నింపండి. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి. ఖమ్మం వైపు నుంచి కృష్ణా జిల్లాకు బండి తెచ్చుకునేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2014 నుంచి ఇవి రెండు రాష్ట్రాలు. పక్క రాష్ట్రం బండికి అక్కడి ఆర్టీఏ ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, తప్పనిసరి.

ఇక యంత్రం. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా వెళ్ళండి. మీరు వెళ్ళేసరికే వేడెక్కించి ఉంచితే అనుమానించాల్సిందే. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతున్నట్టు, బోరు పని దగ్గర పడ్డట్టు. రేడియేటర్ నీళ్ళపై నూనె తెట్టు ఉంటే ఆ బేరం వదిలేయండి. రోటవేటర్ తగిలించి లిఫ్ట్ ఎత్తి, ఇంజన్ ఆపేసి కాసేపు అలాగే ఉంచండి. అది దానంతటదే దిగిపోతుంటే హైడ్రాలిక్స్ ఖర్చు లెక్కేసుకోవాలి. మన డెల్టాలో మరీ ముఖ్యం దమ్ము చేసిన బండా, మెట్టలో దున్నిన బండా అన్నది. ఏళ్ళ తరబడి బురదలో తిరిగిన బండికి వెనక ఇరుసు సీళ్ళు పోయి గేరు ఆయిల్లో నీళ్ళు చేరతాయి. ఆయిల్ పాలలా తెల్లబారి కనిపిస్తుంది. గంటల మీటరును మాత్రం నమ్మకండి, దాన్ని మార్చడం పెద్ద పని కాదు. క్లచ్ పెడల్, బ్రేకు పెడల్ ఎంత అరిగాయో చూస్తే బండి వయసు తెలుస్తుంది. మీ ఊరి మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళండి. అమ్మేవాడు చూపించిన మెకానిక్ వద్దు.

ధర విషయంలో ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి, టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర దిగినప్పుడు పాతదాని ధరా దిగాలి. బ్రోకర్లు ఆ ముచ్చటే ఎత్తరు. బేరంలో మీరే ఎత్తండి.

మూడు నాలుగు ఎకరాల రైతుకు సొంత బండి అవసరమా అంటే, మా సమాధానం కాదనే. ట్రాక్టర్ ఆయుష్షును లెక్కల్లో సాధారణంగా 10 ఏళ్ళు, 10,000 గంటలుగా తీసుకుంటారు. ఏడాదికి వెయ్యి గంటల పని నాలుగెకరాల్లో ఎక్కడుంది? కిరాయికి తిప్పితేనే గిట్టుబాటు, తిప్పడానికి ఊళ్ళో ఇప్పటికే పది బండ్లున్నాయి. నలుగురు అన్నదమ్ములు, ఇరుగుపొరుగు కలిసి కొనుక్కుంటే వేరే సంగతి. అప్పుడు కూడా ఆర్‌సీ ఎవరి పేరున, ఖర్చు ఎవరి వంతు ఎంత అన్నది ముందే రాసుకోవాలి.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవీ ఉన్నాయి. పేరు మార్పిడికి రైతు జిల్లా కేంద్రం చుట్టూ తిరగకుండా, నెలకోసారి మండలంలోనే ఆర్టీఏ శిబిరం పెట్టాలి. అప్పు తీరిన వారం రోజుల్లో ఫైనాన్స్ కంపెనీలు ఫారం 35 ఇచ్చి తీరాలి. సహకార సంఘాల దగ్గర అద్దె ట్రాక్టర్లు ఉంచి, గంటకు ఎంతో బోర్డు మీద రాయాలి. ఈ మూడింటి మీద వచ్చే నెల మండల మహాసభల్లో తీర్మానాలు చేసి కలెక్టర్లకు అందజేద్దాం. ఆర్‌సీ మారక చిక్కుల్లో ఉన్న సభ్యులు తమ కాగితాల నకళ్ళు ఆ సభలకు తీసుకురావాలి.