పేరు విత్తనానికేనా?

2010లో అమెరికాలోని క్రెయిగ్ వెంటర్ సంస్థ ‘కృత్రిమ జీవకణం’ తయారుచేశామంది. వాళ్లు రసాయనాలతో తయారుచేసింది నిజానికి ఒక బాక్టీరియా డిఎన్ఏని మాత్రమే. దాన్ని మరో జాతి బాక్టీరియా కణంలో పెట్టారు. పొర ఆ కణానిదే, ప్రొటీన్లు చేసే రైబోజోములూ దానివే, కొత్త డిఎన్ఏని చదివి బతికించిందీ అదే. పేరు మాత్రం డిఎన్ఏది! కొన్ని తరాలు గడిస్తే పాత కణం ఆనవాళ్లే మిగలవని శాస్త్రవేత్తల సమాధానం. ఆనవాళ్లు పోతే చేసిన చాకిరీ కూడా పోతుందా?

మగవాడు విత్తనం, ఆడది పొలం, పంట విత్తనం వేసినవాడిది అనే భావజాలాన్ని లీలా దూబే 1986లోనే ఎండగట్టారు. (విత్తనం ఒక్కటే పండదని ఏ రైతునడిగినా చెబుతాడు.) మన 2021 సరోగసీ చట్టం చూడండి. తొమ్మిది నెలలు మోసి కన్నది మరో స్త్రీ అయినా, బిడ్డ ఆ దంపతులకే జీవసంబంధమైన సంతానమట! మరి మోసినామె రక్తమాంసాలది ఏ సంబంధం?