దగ్గు తగ్గితే టీబీ పోయినట్టేనా?

టీబీ మందులు మొదలుపెట్టిన నెల, రెండు నెలల్లో దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. అంతలో సీడు పత్తి క్రాసింగ్ పనులో, బొంబాయి వలసో వస్తుంది. "బాగైంది కదా సిస్టర్" అని మల్దకల్ చుట్టుపక్కల కొందరు మాత్రలు మానేస్తారు. ఇది సరికాదని మా గట్టి అభిప్రాయం. దాగిన క్రిమిని చూపించే ఒక వెలుగు సంగతి వినండి.

నీలి వెలుగు పడితే పచ్చగా మెరిసే ప్రోటీన్‌ను జెల్లీఫిష్ అనే సముద్ర జీవిలో 1962లో జపాన్ శాస్త్రవేత్త ఒసాము షిమోమురా గుర్తించారు. దాని జన్యువును వేరే జీవిలో పెడితే అదీ మెరుస్తుందని 1994లో మార్టిన్ చాల్ఫీ చూపారు. రోజర్ చెన్ ఆ ప్రోటీన్‌ను మార్చి కాంతి పెంచారు, కొత్త రంగులు తెచ్చారు. ముగ్గురికీ 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

టీబీ క్రిమికి దగ్గరి చుట్టమైన క్రిమిని ఇలా మెరిసేటట్టు చేసి, గాజులాంటి చేపపిల్లల్లో అది ఎక్కడ దాగుతుందో చూస్తారు. మన దేశంలో వైద్యం చదివిన లలితా రామకృష్ణన్ బృందం, రక్షణ కణాల్లో దూరిన క్రిములు కొన్ని మందును తట్టుకుంటాయని 2011లో చూపింది.

కాబట్టి దగ్గు ఆగినా క్రిమి ఉండవచ్చు. మధ్యలో మానితే మందుకు లొంగని టీబీగా తిరిగి రావచ్చు, ఇంట్లో పిల్లలకూ అంటవచ్చు. డాక్టరు చెప్పినన్ని నెలలు, మామూలుగా ఆరు నెలలు, పూర్తిగా వాడండి. వలస పోయేవారు ముందే చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, అక్కడ చూపడానికి కాగితం రాసిస్తాం. సంఘస్థులారా, రోగి కోసం ప్రార్థించండి, మాత్ర వేసుకున్నాడా అని కూడా అడగండి.