వాషింగ్టను పౌరులకు వోటెక్కడ?

అమెరికా ప్రతినిధిసభవారు 2023 ఫిబ్రవరి 2వ తేదీన సోషలిజమును ఖండించుచు 328–86 వోట్లతో తీర్మానము గావించిరి. ఆ సిద్ధాంతము అధికారము నొకచోట పోగుచేసి నియంతృత్వమునకు దారితీయునని అందలి వాదము. బాగుగనే యున్నది. సరిగా వారము తిరుగగనే ఆ సభవారే, వాషింగ్టను నగరమండలి రచించుకొనిన నూతన శిక్షాస్మృతిని 250–173 వోట్లతో త్రోసివేసిరి! సెనేటు 81–14తో తల యూపెను. మార్చి 20న అధ్యక్షుడు బైడెను సంతకము చేసెను. ఆ నగరమును రాష్ట్రము చేయవలెనని పలికిన బైడెనే!

స్మృతి నిర్దుష్టమని మేమనము. ఆయుధము చూపి కారు దోచువానికి గరిష్ఠశిక్షను 40 ఏండ్లనుండి 24 ఏండ్లకు తగ్గించుట న్యాయవాదవృత్తిలోనున్న మాకును రుచింపలేదు. నగర మేయరే దానిని నిరాకరించిరి. కాని దిద్దుకొనవలసినవారు ఆ ఊరివారు. దాదాపు 7 లక్షల జనము కేంద్రమునకు పన్నులు చెల్లించుచున్నారు. కాంగ్రెసులో వారికి వోటుగల ప్రతినిధి యొక్కడును లేడు. తెల్లదొరల శాసనసభలను చూచిన జాతికి ఈ బాధ వేరుగ వివరింప నక్కరలేదు.

మార్చి 30న ఇంధనబిల్లు 225–204తో ఆ సభలో నెగ్గినది, సెనేటు దాటలేదు. స్వదేశముననే చమురు, సహజవాయువు తీయుదమన్నచో మేమేల కాదందుము? అయితే గొట్టపుమార్గములవలన తమ నీళ్లకు కలుగు చేటును విచారించు రాష్ట్రముల యధికారమును కుదించు నిబంధనయు అందే దూర్చిరి. అధికారము పోగుపడరాదన్న ఆ 328 గురిలో ఎందరు వాషింగ్టనుకు వోటిత్తురో సెలవిత్తురు గాక.