తల ఎత్తాల్సొస్తే మౌంటు తప్పే

తాతయ్య భోషాణంలోని వస్తువుల గురించి రాసినప్పుడల్లా "ఆ ఎయిర్ రైఫిల్ సంగతి ఎప్పుడు రాస్తారర్రా" అని మన చుట్టాల్లో నలుగురైదుగురు అడుగుతూనే ఉన్నారు. రాద్దామనుకుంటూనే ఇన్నాళ్ళూ వాయిదా వేశాం. దాని చుట్టూ ఇంట్లో ఒక గొడవ నడిచింది మరి. అందులో తప్పంతా పెద్దవాళ్ళం మాదే. ఇప్పుడది తేలింది కాబట్టి దాచుకోకుండా రాస్తున్నాం.

చూడనివాళ్ళకోసం ముందు రెండు ముక్కలు. గొట్టాన్ని మధ్యకి విరిచి, సీసం గుండు పెట్టి, మళ్ళీ మూసి పేల్చే స్ప్రింగు రైఫిల్ అది. బోరు 4.5 మిల్లీమీటర్లు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ళు దాటనంతవరకూ ఎయిర్ గన్నుకి లైసెన్సు అక్కర్లేదు. మనది ఆ లోపలే. పెరట్లో ఇసుక బస్తాలు పేర్చి, పది మీటర్ల దూరంలో కాగితం అంటించి కాలుస్తాం. అంతకుమించి దాని జోలికి పోం. పక్కనే కోరింగ మడ అడవులున్నాయి, 1978 నుంచీ అభయారణ్యం. పిట్ట మీదికి ఎత్తితే రైఫిల్ ఇంట్లో ఉండదని తాతయ్య పెట్టిన షరతు ఇప్పటికీ అలాగే ఉంది.

మా అన్నయ్య కూతురు తాతయ్య వాడిన ఇనుప సైట్లతోనే కాల్చడం నేర్చుకుంది. అయిదు గుళ్ళు వేస్తే అయిదూ పదిరూపాయల బిళ్ళ కింద దాగేవి. కిందటేడు దసరా సెలవులకి మా తమ్ముడి కొడుకు ఒక స్కోపు పట్టుకొచ్చాడు. మూడు నుంచి తొమ్మిది రెట్లు పెంచి చూపించేది, ముందద్దం 40 మిల్లీమీటర్లు. దాంతోపాటు ఎత్తు రింగులు. కొట్టువాడు "ఇవైతే ఏ తుపాకీకైనా సరిపోతాయి" అన్నాట్ట. సరిపోయాయి, తుపాకీకి. పిల్లకి సరిపోతాయో లేదో అడిగినవాళ్ళే లేరు.

ఆ రోజు నుంచీ దాని గుళ్ళు సాసరంత మేర చెదిరిపోయాయి. మూడు నెలలపాటు మేం అన్న మాటలు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ధ్యాస లేదన్నాం, ఫోను ఎక్కువైందన్నాం, ఊపిరి బిగబట్టడం రావట్లేదన్నాం. అది "మెడ నొప్పెడుతోంది బాబాయ్" అని రెండుమూడుసార్లు చెప్పింది. ఎవరం పట్టించుకోలేదు. సంక్రాంతి నాటికి పెరట్లోకి రావడమే మానేసింది. ఒకరోజు బలవంతంగా పిలుచుకొచ్చి కాల్చమని, మేం కాగితం వైపు కాకుండా దాని మొహం వైపు చూశాం. బుగ్గ చెక్కకి తగలనే లేదు. గడ్డం కొసని మాత్రం ఆనించి, కొంగలా మెడ సాచి చూస్తోంది.

కారణం సూటిగా చెప్తాం. తాతయ్య రైఫిలు చెక్క ఇనుప సైట్లకోసం చేసింది. ఆ సైట్లు గొట్టానికి కాస్త పైనే ఉంటాయి, బుగ్గ చెక్కమీద పూర్తిగా ఆనితే కన్ను వాటికి ఎదురుగా వస్తుంది. స్కోపు నడిమి గీత అంతకంటే ఎత్తులో ఉంటుంది. ఎత్తు రింగులు వేస్తే ఇంకా పైకి పోతుంది. కన్ను అక్కడికి వెళ్ళాలంటే తల ఎత్తాలి, తల ఎత్తితే బుగ్గకి ఆధారం పోతుంది. ఆధారం లేని తల ప్రతిసారీ ఒకే చోట ఉండదు.

ఉండకపోతే ఏమవుతుందంటారా? పెద్ద తుపాకీల కోసం చేసిన మామూలు స్కోపుల్ని సాధారణంగా నూరు గజాల దూరానికి సరిచేసి పంపుతారు. ఆ దూరంలో కన్ను కాస్త పక్కకి జరిగినా గీతల కూడలి గురి మీద కదలదు. పది మీటర్ల దగ్గర అలా కాదు. కన్ను కిందికీ పైకీ జరిగితే కూడలి కూడా కాగితం మీద జరుగుతుంది, సెంటీమీటరు పైనే తేడా రావచ్చు. మేం పిల్ల ధ్యాసలో వెతికిన తప్పు ఇక్కడుంది.

అందుకని మా మాట ఇది: మౌంటు ఎత్తుని ముందు మొహం నిర్ణయించాలి, తర్వాతే అద్దం. లోకంలో జరిగేది మాత్రం తలకిందులు. పెద్ద అద్దం ముచ్చటగా ఉందని కొంటారు, అది గొట్టానికి తగలకుండా ఎత్తు రింగులు వేస్తారు, మిగిలిన కష్టం మెడకి వదిలేస్తారు.

లెక్క కూడా కష్టమేం కాదు. తాతయ్య ఫ్రెంచి బడిలో చదివినవాడు కాబట్టి మా ఇంట్లో అన్నీ మిల్లీమీటర్లే. స్కోపు ముందు గిన్నె బయటి కొలతలో సగం తీసుకోండి, దాంట్లోంచి స్కోపు గొట్టం మందంలో సగం తీసెయ్యండి, రెండుమూడు మిల్లీమీటర్ల సందు కలపండి. 40 అద్దానికి గిన్నె బయట సుమారు 50 ఉంటుంది, సగం 25. అంగుళం గొట్టానికి సగం 12.7. తేడా పన్నెండు, సందుతో కలిపి పదిహేను. మాకు అంటగట్టిన రింగులు ఇరవై. అదే 32 అద్దమైతే పదితో సరిపోతుంది. మౌంటు కూర్చునే గాడి, గిన్నె కింద వచ్చే గొట్టం ఒకే మట్టంలో ఉంటేనే ఈ లెక్క. లేకపోతే ఆ తేడా కూడా కలుపుకోవాలి.

కొనేటప్పుడు ఇంకో మోసం ఉంది, మోసం అనకూడదేమో గానీ గందరగోళమే. లో, మీడియం, హై అన్న మాటలకి ఒక కట్టుబాటు లేదు. ఒకరి మీడియం ఇంకొకరి హై. కొందరు గాడి నుంచి రింగు అడుగు దాకా కొలుస్తారు, కొందరు రింగు నడిమి దాకా. అంగుళం రింగుకి ఈ రెండింటి మధ్య 12.7 మిల్లీమీటర్ల తేడా. ఎక్కణ్ణుంచి ఎక్కడి దాకా కొలిచారో అడక్కుండా డబ్బులివ్వకండి.

స్ప్రింగు రైఫిలుకి ఎత్తు ఇంకో విధంగా కూడా చేటు. అది పేలేటప్పుడు వెనక్కీ ముందుకీ రెండు తన్నులు తంతుంది. స్కోపు ఎంత ఎత్తులో ఉంటే గాడి మీద అంత మీట పడుతుంది, మౌంటు వెనక్కి జారుతుంది. అలాగని మరీ కిందికి దించేసి, గొట్టం విరిచి గుండు పెట్టడానికి వేళ్ళు దూరకుండా చేసుకోవడమూ తెలివి కాదు. దగ్గర దూరాల్లో గుండు పడే చోటు కూడా మారుతుంది. ఇరవై మీటర్లకి జీరో చేసిన రైఫిలు మీద స్కోపుని రెండు సెంటీమీటర్లు పైకెత్తి మళ్ళీ అదే దూరానికి జీరో చేస్తే, పది మీటర్ల దగ్గర గుండు ముందటికంటే సెంటీమీటరు కింద పడుతుంది.

"తల నిటారుగా ఉండాలంటే ఎత్తే మంచిది కదా, పోటీల్లో వాళ్ళు సైట్లు పైకెత్తుకుంటారు" అని మా తమ్ముడి కొడుకు వాదన. నిజమే, ఎత్తుకుంటారు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కంచు పతకం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్లోనే. అక్కడ పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు, పెంచి చూపించే స్కోపు అసలు ఒప్పుకోరు. కానీ ఆ రైఫిళ్ళకి బుగ్గ ఆనే చెక్క కూడా మరలతో పైకి లేస్తుంది. సైటు ఎంత లేస్తే బుగ్గచెక్క దానికి తగ్గట్టు లేస్తుంది. వాడు మొదటి సగం చూశాడు, రెండోది వదిలేశాడు.

మాదగ్గర మరల్లేవు కాబట్టి శుభలేఖలతో పని జరిపాం. పిల్లని కళ్ళు మూసుకుని, హాయిగా ఉన్నట్టు రైఫిలు ఎత్తి బుగ్గ ఆనించమన్నాం. తర్వాత కళ్ళు తెరవమన్నాం. స్కోపులో గుండ్రం నిండుగా కనిపించాలి. నల్లటి నెలవంక కనిపిస్తే తప్పు. పెళ్ళిళ్ళకి మిగిలిపోయిన శుభలేఖలు ఒక్కొక్కటే చెక్కమీద పేర్చి దారంతో కట్టాం, నెలవంక పోయేదాకా. పాత రింగులతో కట్ట పద్ధెనిమిది మిల్లీమీటర్లయింది. 32 అద్దం స్కోపు, పది మిల్లీమీటర్ల రింగులు వేశాక ఎనిమిదికి దిగింది.

ఆ ఎనిమిది ఎలా పూడ్చాలన్న దగ్గరే ఇంట్లో రెండో గొడవ. వడ్రంగిని పిలిచి చెక్క కోయించి, పైన ఇంకో ముక్క అతికిద్దామన్నారు కొందరు. మేం ససేమిరా అన్నాం. తాతయ్య చెమటకి నల్లబడ్డ చెక్క అది, ఇప్పుడీ పిల్ల బుగ్గకని కోస్తే రేపు ఇంకొకళ్ళ బుగ్గకేం చేస్తాం? చెప్పులు కుట్టే ఆయన తోలుతో ఒక దిండు కుట్టి, తాళ్ళతో బిగించుకునేలా చేసిచ్చాడు. లోపల పొరలు తీయొచ్చు, పెట్టొచ్చు. మెడ పొడుగున్న బాబాయి కాల్చేటప్పుడు ఇంకో రెండు పొరలు పెట్టుకుంటాడు. ఉప్పుగాలికి తోలు కింద తేమ చేరుతుంది గనక, వాడాక దిండు ఊడదీసి మరలకి నూనె రాయడం పిల్లల వంతు.

పిల్ల మళ్ళీ పెరట్లోకి వస్తోంది. మొదటివారం గుళ్ళు పదిరూపాయల బిళ్ళ దాకా రాలేదు, దానికి రెండింతలు మేర పడ్డాయి. ఇప్పుడు దగ్గరికొస్తున్నాయి. మెడ గురించి మాత్రం ఒక్కసారీ అనలేదు. 40 అద్దం స్కోపు డబ్బాలోనే ఉంది. దాన్ని వెనక్కివ్వడానికి మా తమ్ముడి కొడుకు ఇంకా ఒప్పుకోలేదు.